బిందుసేద్య పితామహుడు సింఖా బ్లాస్ – మా పెరటి చీనీచెట్లు

సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మా సంఘ కార్యదర్శి అడిగినప్పుడు ఆయన మనసులో ఏ కాటన్ దొరగారో, ఏ విశ్వేశ్వరయ్యగారో మెదిలి ఉంటారు. సివిల్ ఇంజనీరింగు చదివేవాడు ఇంకెవరిని గురించి వ్రాస్తాడు! వారిద్దరి మీద నాకు భక్తి లేక కాదు. వారి పటాలు మన డిపార్టుమెంటు గోడ మీద ఎటూ ఉన్నాయి, దండలు కూడా మనమే వేస్తున్నాము. నేను వ్రాయబోయే మనిషికి మన గోడ మీద పటం లేదు. నీటి ఇంజనీర్ల లోకంలో ఆయన పేరు తెలియనివారు తక్కువే కాని, మన క్లాసులో నేనడిగినవారిలో ఒక్కరూ వినలేదు. అయితే మా అనంతపురం వైపు బస్సులో పోతూ కిటికీలోనుంచి చూస్తే చీనీతోటల్లో, దానిమ్మతోటల్లో సాళ్ల వెంట నల్లటి సన్నని గొట్టాలు పరచి ఉంటాయి. వాటి వెనుక ఉన్న మనిషి సింఖా బ్లాస్.

ఆ గొట్టాలు మా పెరట్లోకి ఎట్లా వచ్చినాయో చెప్పకుండా ఆయన కథ చెప్పడం నా చేత కాదు, మన్నించాలి. మాది చిన్న ఊరు. సంవత్సరం మొత్తం మీద ఐదువందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, అదీ పడితే పడినట్టు, లేకుంటే లేదు. మా జేజినాయన పోయేముందు ఇంటి వెనుక స్థలంలో రెండు చీనీచెట్లు, ఒక జామ, ఒక కరివేపాకు, గోడవారన మల్లెపొదలు పెట్టిపోయినాడు. ఆయన పోయిన తరువాత వాటిని సాకింది మా అవ్వ. మూడేండ్ల క్రిందట వేసవిలో ఇంటి బోరు చేతులెత్తేసింది. మోటారు వేస్తే పావుగంట నీళ్లు, ఆ పైన గాలి. బట్టలుతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అవ్వ బకెట్లతో మోసి చెట్లకు పోయడం మొదలుపెట్టింది. ఒకనాడు తొట్టి దగ్గర కాలుజారి పడి మణికట్టు విరిగింది. ఆ రాత్రి మా నాయన, ఈ చెట్లతో ప్రాణం మీదికొస్తోంది, ఆదివారం నాడు మనిషిని పిలిచి కొట్టించేస్తానన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. అన్నం మాత్రం తినలేదు. నేను సెలవులకు ఇంటి దగ్గర ఉన్నాను. ఈ ఒక్క వేసవి నాకు వదిలిపెట్టు నాయనా, బ్రతకకపోతే నేనే గొడ్డలి పట్టుకుంటానని పందెం లాంటిది వేసినాను. అట్లా డ్రిప్పు పెట్టే పని నా నెత్తిన పడింది. డ్రిప్పు ఎవరు కనిపెట్టినారో చూద్దామని వెదికితే ఈయన దొరికినాడు.

సింఖా అంటే హీబ్రూ భాషలో ఆనందమని అర్థమట. మన లెక్కన ఆనందరావు గారన్నమాట! ఆయన 1897 నవంబరు 27న వార్సా నగరంలో యూదుల కుటుంబంలో జన్మించినాడు. అప్పటికి పోలండు స్వతంత్ర దేశం కాదు, వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. ఇంజనీరింగు చదువుతుండగానే పోలండు-రష్యా యుద్ధం వచ్చి చదువు ఆగింది, పోలండు సైన్యంలో పనిచేసినాడు, తిరిగి వచ్చి చదువు పూర్తి చేసినాడు. 1930లో పాలస్తీనాకు వలసపోయినాడు. అప్పుడది ఆంగ్లేయుల అధికారంలో ఉండేది. ముప్ఫై దాటిన వయసులో కొత్త దేశం, కొత్త భాష, ఎండ. పోలండులో నీటి కరువంటే ఏమిటో తెలియని మనిషి, నీళ్లు వెదకడమే వృత్తిగా పెట్టుకున్నాడు.

ఇక్కడ చెట్టు కథ వస్తుంది. దీనిని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతారు గాని అసలు సంగతి ఒకటే. 1930 తరువాతి మొదటి సంవత్సరాలలో ఒక రైతు ఆయనకు తన పెరట్లో ఒక పెద్ద చెట్టును చూపించినాడు. ఒకే వరుసలో, ఒకే కాలంలో పెట్టిన చెట్లలో అదొక్కటే మిగతావాటిని మించిపోయి ఎదిగింది. దానికెవరూ నీళ్లు పోయడం లేదు. బ్లాస్ మొదలు దగ్గర తవ్వి చూసినాడు. పక్కగా పోతున్న నీటిగొట్టం అతుకు దగ్గర సన్నగా కారుతోంది. పైన చూస్తే మూరెడు తడి కూడా లేదు. లోపలికి తవ్వేకొద్దీ ఆ తడి ఉల్లిగడ్డ మాదిరి వెడల్పయింది. వేళ్లన్నీ అక్కడే గుమిగూడి ఉన్నాయి. ఊరికే కారిపోయే చుక్క అంత చెట్టును పోషించింది!

ఇది చదివి మా అవ్వకు చెప్పినాను. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. వేసవిలో శివలింగం మీద ధారాపాత్ర కట్టడం లేదా, తులసికోట మీద అడుగున చిల్లిపెట్టిన ముంత వేలాడదీయడం లేదా, ఇందులో ఆ తెల్లాయన కొత్తగా కనిపెట్టిందేమిటని అడిగింది. నిజమే. చుక్కచుక్కగా నీళ్లిస్తే మొక్క బ్రతుకుతుందని లోకానికి ముందే తెలుసు. మొక్క పక్కన కుండ పాతిపెట్టి నీళ్లు నింపడం మన దేశంలోనూ ఉంది, ఇంకా చాలా దేశాలలోనూ ఉంది. జర్మనీలో పందొమ్మిదవ శతాబ్దంలోనే మట్టిగొట్టాలు నేలలో పాతి చూసినారు. అమెరికాలోని కొలరాడోలో 1913 ప్రాంతంలో చిల్లుల గొట్టాలతో ప్రయోగాలు జరిగినాయి. బ్లాస్‌ను పితామహుడంటున్నామంటే ఆ ఆలోచన మొదట ఆయనకే వచ్చిందని కాదు. ఒక ముంతకు ఒక చిల్లి పెట్టవచ్చు. పదివేల చెట్లకు, మొదటి చెట్టుకూ చివరి చెట్టుకూ ఒకే కొలతలో, మూసుకుపోకుండా చుక్క పడేటట్టు చేయడం వేరే విద్య. ఆ విద్య ఆయన సంపాదించినాడు. అవ్వకు ఈ మాట చెబితే సరే చూద్దాంలెమ్మన్నది.

కాని ఆ విద్య ఆ రోజే రాలేదు. చెట్టు చూసిన తరువాత పాతికేండ్లకు పైగా ఆయన దానిమీద చేయి వేయలేదు. చేయడానికి తగిన వస్తువు లేదు. ఇనుప గొట్టానికి సన్నని చిల్లి పెడితే తుప్పుపట్టి మూసుకుపోతుంది, ఖర్చు సరేసరి. పైగా ఆయన తలమీద పెద్ద పనులు పడినాయి. 1937లో మెకరోత్ అనే నీటి సరఫరా సంస్థ ఏర్పడింది. దాని స్థాపకులలో ఈయన ఒకడు, తరువాత ఆ దేశానికి ప్రధానమంత్రి అయిన లెవీ ఎష్కోల్ మరొకడు. కొండల పక్కన బావులు తవ్వడం, పల్లెలకు గొట్టాలు వేయడం వారి పని.

1946 అక్టోబరులో ఒక్క రాత్రిలో దక్షిణాన నెగెవ్ ఎడారిలో పదకొండు కొత్త పల్లెలు వెలసినాయి. పల్లెలంటే ముళ్లకంచె, నాలుగు గుడారాలు, అంతే. నీళ్లెక్కడివి? ఉత్తరం వైపు నుంచి గొట్టం వేయాలి. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది, గొట్టాలు ఎక్కడా దొరకవు. జర్మన్ బాంబులకు లండన్ తగలబడుతున్నప్పుడు మంటలు ఆర్పడానికి ఆ నగర వీధుల వెంట పరచిన గొట్టాలు యుద్ధం తరువాత పనిలేక పడి ఉన్నాయి. వాటిని సెకండ్ హ్యాండుకు కొనుక్కొని వచ్చి ఎడారిలో వేసినారు. లండన్ మంటల మీద పోసిన గొట్టాలే నెగెవ్‌లో మొక్కలకు నీళ్లు మోసినాయి. బ్లాస్ దగ్గరుండి ఆ పథకం తయారు చేసినాడు. ఆ పదకొండు పల్లెలలో హత్జెరిమ్ అనేది ఒకటి. ఆ పేరు కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఆ గొట్టాలు ఉత్త నీళ్ల కోసమే వేసినవి కావు, ఏ నేల ఎవరిదన్న తగాదాలో అవి కూడా ఒక ఎత్తు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది, యుద్ధం జరిగింది, లక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఊళ్లు విడిచిపోయినారు. జోర్డాన్ నది నీళ్ల మీద ఇరుగుపొరుగు దేశాలతో తగవు తెగలేదు. 1953లో ఇజ్రాయెల్ ఆ నది నీటిని మళ్లించడానికి పని మొదలుపెడితే సిరియా అభ్యంతరపెట్టి వ్యవహారం ఐక్యరాజ్యసమితి దాకా పోయింది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎరిక్ జాన్‌స్టన్ అనే ఆయనను మధ్యవర్తిగా పంపినాడు. ఆ చర్చలలో ఇజ్రాయెల్ తరపున లెక్కలు పట్టుకొని కూర్చున్నవారిలో బ్లాస్ ఉన్నాడు. కృష్ణా తుంగభద్ర పంపకాల కొట్లాటలు వింటూ పెరిగిన మనకు, నీటి లెక్క ఎప్పుడూ ఉత్త లెక్క కాదని వేరే చెప్పనక్కరలేదు. ఆయన తన పక్షం మనిషి, అందులో సందేహం లేదు. ఆ నీళ్ల వల్ల నష్టపోయినవారి కథ ఆయన కథలో దొరకదు, వేరే చోట చదువుకోవాలి.

స్వతంత్ర దేశమైన తరువాత ప్రభుత్వంలో నీటి శాఖ చూసినాడు. 1952లో తహల్ అనే నీటి ప్రణాళికా సంస్థ పెట్టి దానికి ఈయననే అధిపతిని చేసినారు. ఉత్తరాన ఉన్న గలిలీ సరస్సు నీటిని దక్షిణాన నెగెవ్ దాకా తీసుకుపోయే మహా కాలువ పథకానికి పునాదిలెక్కలు వేసినవారిలో ముఖ్యుడు. కాని పై వారితో అభిప్రాయభేదాలు వచ్చినాయి. మనిషి మెత్తనివాడు కాదు, తన లెక్క తప్పంటే ఊరుకునే రకం కాదు. 1956లో రాజీనామా ఇచ్చి ఇంటికి పోయినాడు. ఆ కాలువ 1964లో పూర్తయ్యే నాటికి ఆయన అక్కడ లేడు.

అప్పటికి ఆయన వయసు యాభైతొమ్మిదికి దగ్గర. మన ఊళ్లలో ఆ వయసులో పదవి పోయిన పెద్దమనిషి ఏం చేస్తాడు? అరుగు మీద కూర్చొని, వచ్చినవారికల్లా తనకు జరిగిన అన్యాయం చెప్పుకుంటాడు. బ్లాస్ కూడా కొంత చెప్పుకొనే ఉంటాడు, మనిషి కదా! కాని ఆయనకు చెట్టు జ్ఞాపకం వచ్చింది. ఈలోగా లోకంలో ఒక కొత్త వస్తువు చౌకయింది. ప్లాస్టిక్కు. తుప్పు పట్టదు, వంగుతుంది, ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా తీయవచ్చు.

మిత్రులారా, ఇక్కడ కొంచెం ఫ్లూయిడ్ మెకానిక్సు చెప్పక తప్పదు. ఆర్ట్సు వారు భయపడనక్కరలేదు. గొట్టానికి చిల్లి పెట్టి నీళ్లు చుక్కలుగా రావాలంటే చిల్లి సూదిమొనకంటె సన్నంగా ఉండాలి. అంత సన్నని చిల్లిని ఒక్క ఇసుకరేణువు మూసేస్తుంది. చిల్లి పెద్దది చేస్తే చిమ్ముతుంది. పెద్ద చిల్లి కావాలి, చిన్న ధార కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరడం లేదు. బ్లాస్ చేసిన యుక్తి ఏమంటే, నీటిని సన్నని చిల్లిలోనుంచి కాకుండా పొడవైన దారిలోనుంచి నడిపించడం. ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని మరమేకు మరల మాదిరి చుట్టలుచుట్టలుగా తిప్పి, ఆ చుట్టలన్నీ తిరిగి నీరు బయటికి వచ్చేటట్టు అమర్చినాడు. అంత దూరం గోడలను రాసుకుంటూ వచ్చేసరికి నీటి వేగమంతా రాపిడికే ఖర్చయిపోతుంది. చివరకు చుక్కగా రాలుతుంది. దారి మాత్రం ఇసుకరేణువు దూరిపోయేటంత వెడల్పుగానే ఉంటుంది. గొట్టంలో రాపిడి వల్ల నష్టమెంతో లెక్కకట్టే సూత్రాన్ని మనం పరీక్షకు బట్టీపట్టి, పరీక్ష అయిన మరునాడు మరచిపోయినాము. ఇంజనీర్లందరూ నష్టమని జమకట్టే ఆ రాపిడిని ఆయన పనిలో పెట్టుకున్నాడు. నాకు ఆ చాప్టరు అర్థమైనది క్లాసులో కాదు, పెరట్లో.

కుమారుడు యెషయాహుతో కలిసి ఆయన ప్రయోగాలు సాగించినాడు. మొదట్లో గొట్టాలు నేలలో పాతితే వేళ్లు తడి కోసం వెదుక్కుంటూ వచ్చి రంధ్రాలలోకే దూరినాయి, మట్టి పట్టింది. నేలమీదనే పరచడం మేలని అనుభవం మీద తేలింది. పండితులలో చాలామంది నమ్మలేదు. వారి శంకలో అర్థం లేకపోలేదు. నేలలో ఒక మూల మాత్రమే తడిపితే చెట్టుకు సరిపోతుందా? ఉప్పు పేరుకోదా? తరువాత పరీక్షలలో తెలిసిందేమంటే, చుక్క ఎడతెగకుండా పడుతున్నంతకాలం ఉప్పు తడి అంచులకు నెట్టుకుపోతుంది, వేళ్లున్న నడిమి భాగం చప్పగా ఉంటుంది. అందుకే ఉప్పునేలలో, ఉప్పునీటితో కూడా డ్రిప్పు కొంతవరకు పంట పండించింది.

ఇప్పుడు హత్జెరిమ్ పేరు జ్ఞాపకం తెచ్చుకోండి. అది కిబుట్జ్, అంటే ఆస్తిపాస్తులు, వంటావార్పు అన్నీ ఉమ్మడిగా నడిచే వ్యవసాయ పల్లె. ఉప్పు నేల, చాలీచాలని నీళ్లు. సేద్యం ఒక్కదానితో పొద్దు గడవక ఏదైనా పరిశ్రమ పెట్టుకుందామని వారు వెదుకుతున్నారు. బ్లాస్ తన కనిపెట్టిన వస్తువును తయారు చేసేవారి కోసం వెదుకుతున్నాడు. 1965లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. కంపెనీకి నెటాఫిమ్ అని పేరు పెట్టి 1966లో తయారీ మొదలుపెట్టినారు. పందొమ్మిదేండ్ల క్రిందట లండన్ పాత గొట్టాలతో ఏ పల్లెలకు ఆయన నీళ్లు తీసుకుపోయినాడో, అందులో ఒక పల్లెవారే ఆయన చుక్కను లోకం మీదికి పంపినారు. కథ కోసం కల్పించినా ఇంత బాగా కుదరదు.

ఇక మా పెరడు. మా ఊరి పక్క టౌనులో ఒక కొట్టుకు పోయి పదహారు ఎం.ఎం. లేటరల్ పైపు, గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు, టీలు, ఎండ్ క్యాపులు, పైపుకు చిల్లి పెట్టే పంచ్ తెచ్చినాను. కొట్టాయన ఫిల్టరు కూడా తీసుకోమన్నాడు. నాలుగు చెట్లకు ఫిల్టరెందుకని డబ్బు మిగుల్చుకున్నాను. దీని ఫలం తరువాత చెబుతాను. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. బోరు పావుగంట చొప్పున రోజుకు నాలుగైదు సార్లు ఆడినప్పుడు దాన్ని నింపి, దాని నుంచి పెరట్లోకి గొట్టం దించితే మోటారుతో పనిలేదు.

చెట్టు మొదట్లో డ్రిప్పరు పెట్టబోతే అవ్వ అడ్డుపడింది. చీనీ మొదట తడి నిలిస్తే బంకతెగులు వస్తుంది, మిట్టమధ్యాహ్నం నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ పెట్టమంది. పుస్తకం తీసి చూస్తే అక్షరాలా అదే ఉంది! నీళ్లు తాగే సన్నవేళ్లు అక్కడ ఉంటాయి. చీనీచెట్టుకు నాలుగేసి, జామకు మూడు, కరివేపాకుకు ఒకటి, మల్లెపొదకొకటి పెట్టినాను. చెట్టు చుట్టూ పైపును ఉంగరం మాదిరి తిప్పినాను. ఎండకు తడి ఎగిరిపోకుండా అవ్వ ఒక్క చేత్తోనే వేరుశనగ పొట్టు తెచ్చి పరిచింది. రెండో చెయ్యి కట్టులో ఉంది.

మొదటి సాయంత్రం వాల్వు తిప్పినప్పుడు నా గుండె కొట్టుకున్నది. చుక్కలు పడినాయి. డ్రిప్పరు క్రింద గ్లాసు పెట్టి గడియారం చూసి కొలిస్తే గంటకు రెండున్నర లీటర్లే తేలింది. డబ్బా మీద నాలుగని ఉంది కదా! కొట్టువాడు మోసం చేసినాడని మా నాయన తీర్మానించినాడు. మోసం కాదు. నాలుగు లీటర్లన్నది పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి. మా ట్యాంకు పెరటికి నాలుగు మీటర్ల పైన మాత్రమే ఉంది. ధార ఒత్తిడి వర్గమూలంతో తగ్గుతుంది. పదింట నాలుగుకు వర్గమూలం కడితే సున్నా పాయింటు ఆరు మూడు, దానిని నాలుగుతో గుణిస్తే రెండున్నర. కాగితం మీద లెక్క గ్లాసులో నీళ్లతో సరిపోయిన ఆ నిమిషం నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. సరే, రెండు గంటలు వదలవలసినచోట మూడు గంటలకు పైగా వదిలితే పోయింది. చీనీచెట్టు ఒక్కొక్కదానికి గంటకు పది లీటర్లు, ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు, వెరసి యాభై లీటర్లు. వెనుక పాదికి బకెట్లకొద్దీ పోసినా మరునాటికి పైపెచ్చు కట్టి ఎండిపోయేది.

పదిరోజుల తరువాత బ్లాస్ చేసిన పనే నేనూ చేసినాను. డ్రిప్పరు పక్కన పారతో తవ్వినాను. పైన అరచేయంత తడి. జానెడు లోతుకు పోయేసరికి మూరెడు వెడల్పు. మాది ఎర్రమట్టి గనుక పక్కకంటె క్రిందికే ఎక్కువ దిగింది. నల్లరేగడి అయితే పక్కలకు ఇంకా పరుచుకొనేదట. తెల్లటి కొత్తవేళ్లు అప్పుడే ఆ తడివైపు వస్తున్నాయి. మా నాయనను పిలిచి చూపించినాను. కొంచెంసేపు చూసి, మళ్లీ పూడ్చమని చెప్పి పోయినాడు. గొడ్డలి మాట మాత్రం ఎత్తలేదు.

ఇంతవరకూ బాగుంది. మే నెల మూడో వారంలో జామకు ఒకవైపు ఆకులు వాలినాయి. చీనీచెట్లలో ఒకదానికి నాలుగు డ్రిప్పర్లలో మూడు నోరు మూసుకున్నాయి. ఉదయం నిద్రలేవగానే వాల్వు తిప్పి, చుక్కలు పడుతున్నాయో లేదో చూడకుండా నేను పుస్తకాలలో తలదూర్చుకొని ఉన్నాను. ఎన్నాళ్ల నుంచి మూసుకుపోయి ఉన్నాయో కూడా తెలియదు. విప్పి చూస్తే ట్యాంకులోని పాచి, బోరు ఇసుక, అన్నిటికంటె మించి తెల్లటి ఉప్పుపొర. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకొనే సున్నమే అది. నేను మిగుల్చుకున్న ఫిల్టరు డబ్బు అక్కడ లెక్క తేలింది. సింఖా బ్లాస్ పాతికేండ్లు ఆలోచించి దారిని వెడల్పు చేసి పెడితే, దాని ముందు ఒక జల్లెడ పెట్టడానికి నాకు చేతులు రాలేదు!

ఆ రోజు బండి వేసుకొని పోయి ఫిల్టరు తెచ్చి బిగించినాను. డ్రిప్పర్లన్నీ ఊడదీసి, వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పును వేడినీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టినాను. సున్నం పొంగి కరిగిపోయింది. ఎండ్ క్యాపులు తీసి పైపుల్లోనుంచి నీళ్లు వడిగా వదిలితే చెంబెడు బురద వచ్చింది. ట్యాంకుకు వెలుతురు తగలకుండా మూత బిగించినాను. పాచికి వెలుతురే ఆహారం. జామకు ఒక కొమ్మ పోయింది. చీనీచెట్టు పిందెలు చాలావరకు రాల్చింది గాని చెట్టు నిలిచింది.

బ్లాస్ తరువాత ఆయన చుట్ట గొట్టాన్ని ఇతరులు బాగా మార్చినారు. ఇప్పటి డ్రిప్పర్లలో పొడవైన నునుపు దారికి బదులు మెలికలు తిరిగిన, పళ్లుపళ్లుగా ఉండే దారి ఉంటుంది. నీరు ఆ మలుపులలో సుడులు తిరిగి వేగం పోగొట్టుకుంటుంది, ఆ సుడులకు మురికి నిలవదు. కొండవాలు తోటలకు లోపల సాగే రబ్బరుబిళ్ల పెట్టి ఒత్తిడి ఎంత ఉన్నా ధార ఒకటిగా ఉండేటట్టు చేసినారు. మన రాష్ట్రంలో 2003లో సూక్ష్మనీటి పథకం మొదలై సబ్సిడీ మీద రైతులకు డ్రిప్పు వేయించినారు. మా జిల్లా చీనీతోటలలో అది పల్లెపల్లెకూ చేరింది. అంతమాత్రాన భూగర్భజలం బాగుపడిందని నేననను. ఒకెకరాకు చాలే నీళ్లతో రెండెకరాలు తడుస్తాయని తెలియగానే రైతు రెండో ఎకరంలో కూడా చెట్లు పెడతాడు, పక్కవాడు ఇంకా లోతుకు బోరు వేస్తాడు. ఇతర దేశాలలోనూ ఇదే జరిగిందని పరిశోధకులు వ్రాస్తున్నారు. ఆ తప్పు డ్రిప్పరుది కాదు. నీళ్లు మిగిల్చే యంత్రం వేరు, మిగిలిన నీళ్లను నేలలో ఉండనిచ్చే కట్టడి వేరు. రెండోదాన్ని ఏ ఇంజనీరూ ప్లాస్టిక్కుతో చేయలేడు.

బ్లాస్ 1973లో తన ఆత్మకథ ప్రకటించినాడు. అందులో పాత తగాదాలకు ఏమీ తక్కువ చేయలేదట. 1982 జూలై 18న, ఎనభైనాలుగేండ్ల వయసులో మరణించినాడు. అప్పటికి ఆయన డ్రిప్పు పుట్టి పదహారేండ్లు, పలు దేశాలలో తోటలకు పాకిపోయింది. ఎడారికి గొట్టాలు, మహా కాలువ లెక్కలు, ప్రభుత్వ పదవులు, ఇన్ని చేసిన మనిషిని లోకం తలచుకొనేది అరవై దాటిన తరువాత చుట్టిన వేలెడు గొట్టంతో.

ఈ సంవత్సరం ఉగాదికి ఇంటికి పోయినప్పుడు చీనీచెట్లు రెండూ పూతమీద ఉన్నాయి. అవ్వ చేయి కూడింది గాని బరువు ఎత్తలేదు. వాల్వు మాత్రం ఆమే తిప్పుతుంది. ప్రతి శనివారం ఫిల్టరు విప్పి కడగడం ఆమెకు పూజలో భాగమయింది. తులసికోట దగ్గర ఒక డ్రిప్పరు పెడతానంటే ఒప్పుకోలేదు. దాని మీద పాత ముంతే వేలాడుతున్నది.